ఫర్నేసు ఆరిన ఎండాకాలం

మా సీసాల ఫ్యాక్టరీ దివాలా తీసిందని మాకు చెప్పిన మనిషి, మా యజమాని కాదు. కోర్టు పంపిన ఒక అధికారిణి. సన్నగా, నూలు చీరలో, చంకన ఫైళ్ల సంచితో ప్యాకింగ్ షెడ్డులోకి వచ్చి, సీసాల పెట్టె ఒకటి బోర్లించుకుని దాని మీదెక్కి నిలబడింది. అప్పటికే ఎండలు ముదురుతున్నాయి. షెడ్డు రేకులు కాలి, లోపలున్న వాళ్లం కూడా వేగిపోతున్నాం.

"ఇవాళ్టి నుంచి ఈ ఫ్యాక్టరీ బాధ్యత నాది. ఎవరూ దీని మీద దావా వెయ్యకూడదు, ఇక్కణ్ణించి ఒక్క మేకు కూడా పట్టుకుపోకూడదు. కోర్టు ఇచ్చిన గడువులోగా కొనేవాళ్లు దొరికితే ఫ్యాక్టరీ బతుకుతుంది. దొరక్కపోతే ముక్కలు ముక్కలుగా అమ్మేస్తారు" అంది.

"దివాలా అంటే అప్పులవాళ్లొచ్చి గుమ్మం ముందు కూర్చోవడం అనుకున్నాను. ఇప్పుడు లోపలికే వచ్చి కూర్చుంటారన్నమాట" అంది పిన్ని. ఆవిడ నాకు చుట్టం కాదు. షెడ్డులో అందరికంటే పెద్దది, అందుకని అందరికీ పిన్ని. అంత దిగుల్లోనూ జనం నవ్వారు. సాయంత్రానికల్లా ఆ అధికారిణికి కోర్టమ్మ అని పేరు పెట్టేశాం.

మా యజమాని, పెద్దాయన, ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని మనిషి, ఆ రోజు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. ఎవరో అడిగారు, "పోనీ పెద్దాయనే మళ్లీ కొనుక్కోవచ్చుగా?" అని.

"కుదరదు. పడవ ముంచినవాడికే మళ్లీ తెడ్డు ఇవ్వకూడదని చట్టం. ఆయన కొనకూడదు, ఆయన చుట్టాలు కొనకూడదు, ఆయన తరఫున ఇంకెవరూ కొనకూడదు" అంది కోర్టమ్మ.

పెద్దాయన తల దించుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను వెళ్లి మంచినీళ్ల గ్లాసు ఇచ్చాను.

అసలు చిక్కు ఫర్నేసుతో వచ్చింది. గాజు కరిగించే ఫర్నేసు ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. ఆరిందా, లోపలి గాజు రాయిలా గడ్డకడుతుంది, ఇటుకలు పగులుతాయి, ఇక అది ఫర్నేసు కాదు, పెద్ద సమాధి. మా ఆయన దానికి ఫోర్‌మన్. ఆయన తండ్రీ అక్కడే పనిచేసి పోయాడు. మా అత్తగారు అనేది, "మా ఇంట్లో మగాళ్లకి ఇద్దరు పెళ్లాలే. నిప్పు మొదటిది" అని.

గ్యాసు కంపెనీ అరువు ఇవ్వనంది. చేతిలో ఉన్నదాంతో గ్యాసు కొంటే జీతాలు రావు, జీతాలిస్తే ఫర్నేసు ఆరిపోతుంది. పనివాళ్ల తరఫున మాట్లాడ్డానికి ఒక మనిషి కావాలంది కోర్టమ్మ. అందరూ నా పేరు చెప్పారు. నేను ప్యాకింగ్ సూపర్‌వైజర్ని, గట్టిగా మాట్లాడ్డం కూడా రాదు. ఆ రాత్రి అన్నాల దగ్గర వద్దందామనుకుంటున్నానని చెప్పాను.

"ఒప్పుకో. నువ్వు చెబితే వింటారు. నీ మొహం చూస్తే ఎవరికీ అనుమానం రాదు" అన్నారు మా ఆయన.

అది పొగడ్తే అనుకున్నాను.

మర్నాడు కోర్టమ్మని పక్కకి పిలిచి అడిగాను, ఈ ఎండాకాలం జీతం లేకుండా చేస్తే ఆ జీతం గతేమిటని. "పాత బకాయిలు వరుసలో నిలబడాలి. కానీ నేనొచ్చాక చేసిన పనికి జీతం వేరు. ఫ్యాక్టరీని బతికించడానికైన ఖర్చు కింద లెక్క. బ్యాంకులకంటే ముందు అదే ఇవ్వాలి" అంది. ఆ మాటే షెడ్డులో చెప్పాను. అప్పుడు పిన్ని లేచింది.

"జీతం లేకపోయినా కొట్టువాడు అరువిస్తాడు. ఫర్నేసు ఆరిందని తెలిస్తే ఆ అరువూ ఇవ్వడు. ఈ పిల్ల అబద్ధమాడే రకం కాదు. నేను చేస్తాను" అంది.

ఆవిడ వెనకాలే అందరూ.

ఆ తరవాతి వారాలు ఎలా గడిచాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. రెండు లైన్లలో ఒకటి ఆపేశాం. ఫ్యాన్లు కూడా తిప్పకుండా కరెంటు మిగిల్చాం. అన్నం తెచ్చుకున్నవాళ్లు తేనివాళ్లకి పెట్టారు. ఒకతను పిల్లల సైకిలు అమ్మి ఇల్లు గడిపాడు. ఒకామె గర్భంతో ఉండి కూడా చివరిదాకా సీసాలు ఏరింది. పగుళ్లున్నవి తీసేస్తూ నాతో, "అక్కా, బిడ్డ పుట్టేనాటికి కొత్త యజమాని వచ్చేస్తాడంటావా?" అని అడిగేది. వస్తాడనేదాన్ని.

వచ్చాడు కూడా. మందుల సీసాలు వాడే పెద్ద కంపెనీ ఒకటి తన ఇంజనీర్లని పంపింది. వాళ్లు నీలం అద్దాలు కళ్లకి పెట్టుకుని, ఫర్నేసు కంతలోంచి లోపలి మంట చూసి, "ఇంకా నాలుగేళ్లు నిక్షేపంగా నడుస్తుంది" అన్నారు. ఆ మాట చెవిన పడగానే షెడ్డులో ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నాం. నేను పరిగెత్తుకెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన బర్నర్ల దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటున్నారు.

"మంచిదేగా" అన్నారు. మళ్లీ బర్నర్ల వైపు తిరిగారు.

"వాడికి ఒంట్లో బాగాలేదేమిటే? అన్నం కెలుకుతున్నాడు తప్ప తినడం లేదు" అంది అత్తయ్య ఆ వారంలోనే. జీతాల్లేని ఇంట్లో ఎవరు మాత్రం తింటున్నారులే అనుకున్నాను.

ఎండ నడినెత్తిన ఉండగా ఒక రోజు కరెంటు పోయింది. పోతే జనరేటరు అందుకోవాలి. అందుకోలేదు. ఫర్నేసులోకి గాలి కొట్టే బ్లోయర్లు ఆగిపోయాయి, మంట కుంగిపోయింది. జనరేటరుని బతిమాలి, తన్ని, నడిపించేసరికి లోపలి ఎరుపు నల్లబడుతోంది. అయినా అందరం ధైర్యంగానే ఉన్నాం. ఇలాంటివి మా ఆయన ఎన్ని చూడలేదు! కొత్తవాళ్లకి ఆయన నేర్పే మొదటి పాఠమే అది: ఫర్నేసూ చంటిబిడ్డా ఒకటే, చలి తగిలిందని ఒక్కసారిగా వేడి చెయ్యకూడదు, రెండ్రోజులు పట్టినా సరే మెల్లమెల్లగా పెంచాలి అని.

ఆ రోజు ఆయన బర్నర్లన్నీ పూర్తిగా తెరవమన్నారు.

"బాబూ, మెల్లగా పెడదాం. పైకప్పు తట్టుకోదు" అన్నాడు ముసలి బర్నర్ మేస్త్రి.

"నాకు నేర్పుతావా? మెల్లగా అంటే గాజు గడ్డకట్టేస్తుంది. తెరువు!" అని అరిచారు మా ఆయన. మనిషి మీద ఆయన అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. తరవాత అందర్నీ దూరంగా పొమ్మన్నారు. ఒక్కరు కూడా దగ్గర ఉండకూడదని గేటు దాకా తరిమారు.

పొద్దు వాలుతుండగా పైకప్పు కూలింది. పెద్ద చప్పుడేం కాలేదు. బరువైన మనిషి మంచం మీద కూలబడినట్టు ఒక మూలుగు, ఆ తరవాత దుమ్ము. పిన్ని ముందు ఏడుపు మొదలుపెట్టింది, తరవాత అందరూ అందుకున్నారు. మా ఆయన నేల మీద చతికిలబడి, తల పట్టుకుని ఉండిపోయారు. నేను ఆయన తల మీద నీళ్లు పోశాను, వీపు నిమిరాను. "మీ తప్పేం లేదు. కంగారులో ఎవరికైనా అవుతుంది" అని ఎన్నిసార్లు చెప్పానో! ఆ రాత్రంతా ఆయన తల నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

మందుల సీసాల కంపెనీ మర్యాదగా తప్పుకుంది. ఫర్నేసు లేని గాజు ఫ్యాక్టరీ విలువ ఒక్కసారి పాతాళానికి దిగింది. అప్పుడు వచ్చాడు ఇంకో ఆయన. గోడౌన్లు అద్దెకిచ్చుకునే వ్యాపారి, గాజు మొహం ఎరగడు. కారు చవక ధర చెప్పాడు. బ్యాంకులవాళ్లు ముక్కారు, మూలిగారు. ముక్కలుగా అమ్మితే అది కూడా రాదని చివరికి సరేనన్నారు. పాత జీతాల బకాయి ఆ లెక్కలో ఆవగింజంత. అయినా ఫ్యాక్టరీ ఉంటుంది కదా, ఉద్యోగాలుంటాయి కదా అని షెడ్డులో అందరికీ సర్దిచెప్పాను. నేనే సర్దిచెప్పాను.

ఆ వ్యాపారి ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చిన రోజు నేను వెంట ఉన్నాను. సీసాలు పోసే అచ్చుల గది చూశాడు, గోడౌను చూశాడు, ప్రహరీ చుట్టూ తిరిగాడు. కూలిన ఫర్నేసు పక్కనుంచే నడిచాడు గానీ, మెడ తిప్పి కూడా చూడలేదు.

సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఆ మాటే చెప్పాను. మా ఆయన పీట మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"అదేం మనిషండీ! అంత డబ్బు పోసి కొంటూ, దాన్ని బాగు చెయ్యడానికి ఎంతవుతుందని కూడా అడగలేదు" అన్నాను.

"దాన్నెందుకు బాగు చేస్తారు? కొత్తది కడతారు. దీనికంటే చిన్నది, గ్యాసు సగమే పడుతుంది. నమూనా కూడా గీయించారు."

"అప్పుడేనా?"

"అప్పుడే ఏమిటి, ఎండలు మొదలవకముందే..." అని ఆగిపోయారు.

నా చేతిలో సగం తరిగిన వంకాయ ఉంది. దాన్ని పూర్తిగా తరిగాను. ముక్కలు నీళ్లలో వేశాను. చెయ్యి కడుక్కున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు.

"ఎవరు గీయించారు?" అన్నాను.

ఆయన గుమ్మం వైపు చూశారు.

"పెద్దాయనా?"

"మెల్లగా. అమ్మ వింటుంది."

"జనరేటరు చెడగొట్టింది కూడా నువ్వేనా?"

పెళ్లయ్యాక నేను ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన కూడా గమనించారు. గ్లాసు పక్కన పెట్టి, చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు చెప్పుకొచ్చారు. బయటివాళ్లు కొంటే వాళ్ల మనుషుల్ని తెచ్చుకుంటారట. పెద్దాయనైతే మనవాడట. ఫర్నేసు బతికుంటే ఆయనకి అందే ధర కాదట. మొదట్లోనే ఆరిపోయి ఉంటే కోర్టు అప్పుడే ముక్కలుగా అమ్మేసేదట, అందుకే పెద్దాయన డబ్బు కూడగట్టుకునేదాకా అది నడవాల్సొచ్చిందట. గోడౌన్ల వ్యాపారి పేరుకి మాత్రమేనట. ఫ్యాక్టరీ చేతికొచ్చాక తనని మేనేజర్ని చేస్తారట.

"మరి మిగతావాళ్లు?"

"సగం మందిని తీసుకుంటామన్నారు. చిన్న ఫర్నేసుకి అంతమంది అక్కర్లేదు."

"పిన్నిని?"

"ఆవిడ పెద్దదైపోయింది కదే..."

"ఇదంతా తెలిసే నన్ను వాళ్ల ముందు నిలబెట్టావా? జీతాల్లేకుండా చెయ్యమని నా చేత అడిగించావా?"

"నీకు తెలిస్తే నీ మొహంలో కనబడిపోతుంది. అందుకే చెప్పలేదు. ఎవరికీ దెబ్బ తగలకుండా అందర్నీ గేటు దాకా పంపాను కదా! నేనంత దుర్మార్గుణ్ణా?"

నా తలలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ఆ రాత్రి నా ఒళ్లో తల పెట్టుకున్నప్పుడు, నేను వీపు నిమురుతున్నప్పుడు, ఈ మనిషి లోపల ఏమనుకుంటూ ఉన్నాడా అని.

తలుపు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. ఎప్పట్నుంచో తెలియదు. వెనక్కి వెళ్లి పడుకుంది.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. ఐదో రోజు పొద్దున్నే ఆయన బయటికి వెళ్లాక అత్తయ్య దగ్గర కూర్చున్నాను. కోర్టమ్మకి చెప్పేస్తానన్నాను. ఆవిడ ఏరుతున్న బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది.

"వాడు నా కొడుకు. నువ్వు చెప్పేది నిజం. ఒకదాని కోసం రెండోదాన్ని వదల్లేనే నేను. వెళ్తానంటే ఆపను, వెళ్లమనీ అనను" అంది. తరవాత, "ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్లు" అంది.

కోర్టమ్మ అంతా విని పెన్ను పక్కన పెట్టేసింది. "నాక్కూడా అనుమానంగానే ఉంది. కానీ అనుమానం కోర్టులో నిలబడదు. మీరు జడ్జిగారి ముందు చెప్పాలి. మీ ఆయన పేరు వస్తుంది. విచారణ పడుతుంది. ఇంకో మాట, ఈ బేరం చెడితే మరో బేరం వస్తుందని నేను హామీ ఇవ్వలేను" అంది.

ఆ చివరి మాట నేను సరిగ్గా విన్నానో, విననట్టు ఉండిపోయానో, ఇప్పటికీ తేల్చుకోలేను.

కోర్టు హాలు మా షెడ్డులో నాలుగోవంతు కూడా ఉండదు. గోడౌన్ల వ్యాపారి వకీలు గట్టివాడు. "అప్పిచ్చిన బ్యాంకులే ఈ ధరకి ఒప్పుకున్నాయి. లాభనష్టాలు తేల్చుకోవలసింది వాళ్లు. అందులో కోర్టు వేలు పెట్టకూడదని ఎన్నోసార్లు తీర్పులొచ్చాయి. ఇదిగో, ఈవిడ మొగుడూపెళ్లాల తగువు తెచ్చి తమరి బల్ల మీద పెడుతోంది" అన్నాడు.

జడ్జి ముసలాయన. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు, "ధర ఎంతన్నది వాళ్ల ఇష్టమే. కొనేది ఎవరన్నది మాత్రం వాళ్ల ఇష్టం కాదు, చట్టం ఇష్టం. చెప్పమ్మా."

చెప్పాను. గొంతు వణికింది గానీ ఆగలేదు. మా ఆయన్ని పిలిచి అడిగితే, "నాకేమీ గుర్తు లేదు" అన్నారు, నా వైపు చూడకుండా. నమూనా గీసిన ఇంజనీరుని పిలిపించారు. అతనికి మా గొడవలతో పనిలేదు. పనిచ్చింది పెద్దాయనేనని, డబ్బు కూడా ఆయన దగ్గర్నుంచే వచ్చిందని, ఫర్నేసు కూలకముందే గీశానని నిక్కచ్చిగా చెప్పేశాడు. పెద్దాయన ఆ రోజు చొక్కా గుండీలు సరిగ్గానే పెట్టుకున్నాడు. నన్ను దాటుకుని వెళ్తూ, "అన్నం పెట్టిన చెయ్యి విరిచావు" అన్నాడు.

బేరం కొట్టేశారు. పెద్దాయన మీదా, ఆ వ్యాపారి మీదా, మా ఆయన మీదా విచారణకి ఆదేశించారు. గేటు దగ్గర మా వాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. ఆ సంబరం ఎక్కువ కాలం లేదు. మరో బేరం రాలేదు. గడువు అయిపోయింది. ఫ్యాక్టరీని ముక్కలుగా అమ్మెయ్యమని ఉత్తర్వు వచ్చింది. అచ్చులు ఒకడు కొన్నాడు, ఇనుము ఇంకొకడు, స్థలం మరొకడు. కోర్టమ్మ మాట నిలబెట్టుకుంది. ఆ ఎండాకాలం మేం చేసిన పనికి జీతం, బ్యాంకులకంటే ముందు, మా చేతిలో పెట్టించింది. పనులు మాత్రం ఎవరికీ మిగల్లేదు. సగం మందికైనా దొరికుండేవి, నేను నోరు మూసుకుని ఉంటే.

డబ్బు అందిన మర్నాడు పిన్ని మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే కూర్చుంది. నేనిచ్చిన నీళ్లు తాగింది.

"నువ్వు చేసింది తప్పని నేననను. ఎవడన్నా అంటే నాలుగు దులుపుతాను కూడా. కానీ మా అల్లుడు ఆ సగం మందిలో ఉండేవాడు. ఇప్పుడు ఇంట్లో పడుకుని గోడలు చూస్తున్నాడు. వాడికి నీ పేరు చెబితే పూనకం వస్తోంది. కొన్నాళ్లు మా ఇంటివైపు రాకమ్మా" అంది.

"సరే పిన్నీ" అన్నాను.

లేచి వెళ్తూ, నేను ఏడుస్తానేమోనని కాబోలు, ఒకసారి వెనక్కి చూసింది. నేను ఏడవలేదు.

మా ఆయన అప్పటికే ఇల్లు విడిచి వెళ్లిపోయారు. పెద్దాయన ఆయన ఫోను కూడా ఎత్తడం మానేశాడట. వేరే ఊళ్లో ఎక్కడో ఇటుకల బట్టీలో పని దొరికిందని, విచారణకి పిలిచినప్పుడల్లా వచ్చి పోతున్నారని తెలిసింది. ఇంటికి మాత్రం రాలేదు. నేను రమ్మనలేదు.

మొదటి వాన పడిన రోజు అత్తయ్య సంచి సర్దుకుంది.

"వాడికి అన్నం వండుకోవడం రాదు" అంది, నేను అడక్కముందే.

బస్‌స్టాండు దాకా సంచి మోశాను. తడిసిన బల్ల మీద నా కొంగు పరిచి కూర్చోబెట్టాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం వాన చూస్తూ కూర్చున్నాం.

"నీ మీద కోపంతో పోవడం లేదే. నీతో ఉండటం తేలిక. నీ పక్కన ఎవరైనా ఉంటారు. వాడి పక్కన ఎవరుంటారు?" అంది.

బస్సెక్కించి, కిటికీ పక్క సీటు చూపించాను. కిందకి దిగి నిలబడ్డాను. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"వాడికేమన్నా చెప్పమంటావా?"

ఆలోచించాను. తిట్లు చాలా ఉన్నాయి, అడగాల్సినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

"నేను బాగానే ఉన్నానని చెప్పండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "వాడు నమ్ముతాడంటావా?"

బస్సు కదిలింది. దాంతోపాటు రెండడుగులు నడిచి అన్నాను.

"నమ్మనివ్వండి. ఇన్నాళ్లూ ఆయన్ని నేను నమ్మలేదూ!"